గాజు నెమలికి దీపం పెట్టిన శెట్టెమ్మ

శెట్టెమ్మ ఇక లేదన్న సంగతి నాకు వెల్డింగ్ భాయ్ ఫోన్లో చెప్పాడు. అప్పుడు నేను పులివెందులలో కూతురింట్లో ఉన్నాను. చెడిపోయిన మిక్సీ విప్పి ముందర పెట్టుకుని కూర్చున్నాను.

"మామా, యాడుండావు?" అన్నాడు.

"పులివెందులలో."

"ఏం చేస్తాండావో అది ఆడనే ఇడిసిపెట్టి బస్సెక్కు. శెట్టెమ్మ పోయింది. పొద్దున లేసి కాఫీ తాగిందంట, కుర్చీలో కూసున్యాదంట, అంతే. పొద్దు గూకక ముందే ఎత్తుతారంట. బిన్నా రా."

"వింటాండావా మామా?" అని మళ్ళీ అడిగాడు. ఊ అన్నాను. అది అతనికి వినపడినట్టు లేదు. "అరే, ఈ మనిసి ఎప్పుడూ ఇంతే" అని ఫోన్ పెట్టేశాడు.

బస్సు ముద్దనూరు దాటాక చూసుకుంటే స్క్రూడ్రైవర్ ఇంకా నా చేతిలోనే ఉంది.

దసరాకు ప్రొద్దుటూరు వచ్చినవాళ్ళలో కొందరైనా ఆ తోట చూసి ఉంటారు. జమ్మలమడుగు రోడ్డులో, ఊరు అయిపోయే చోట ఆ ఇల్లు. ముందర గన్నేరు, కనకాంబరాలు, ఒక నిమ్మచెట్టు. వాటి మధ్య గాజు బొమ్మలు. సిమెంటు తొట్టిలో తామర. నిమ్మకొమ్మ మీద రెండు చిలకలు. కాంపౌండు గోడ దగ్గర మనిషెత్తు నెమలి, పురి విప్పుకుని. పొద్దుగూకే వేళ వాటి వెనక దీపాలు వెలిగితే రోడ్డు మీద పోయేవాళ్ళు బండ్లు ఆపేవాళ్ళు. అవన్నీ ఆమె తన చేత్తో చేసినవి. మేమంతా ఆమెను శెట్టెమ్మ అనే పిలిచాము. ఇక్కడా అట్లే రాస్తున్నాను.

టౌనులో వాళ్ళకు గాజుల అంగడి ఉండేది. శెట్టి గల్లా దగ్గర కూర్చుంటే, ఆడవాళ్ళకు గాజులు తొడిగే పని ఆమెది. తొడిగేటప్పుడు రోజూ కొన్ని గాజులు విరుగుతాయి. ఆ ముక్కలు పారేయడం ఆమెకు ఇష్టం లేదు. ఏ రంగుకు ఆ రంగు పాలడబ్బాలలో దాచేది. భాయ్ ఇనుప చట్రం చేసి ఇచ్చేవాడు. అందులో మామూలు అద్దం బిగించి, దాని మీద ఒక్కొక్క ముక్కా జిగురుతో అతికించేది. నెమలి పురిలో కన్నుల కోసం సోడా సీసాల అడుగులు కోయించింది. నేర్పినవాళ్ళు ఎవరూ లేరు. పట్టకారు, జిగురు డబ్బా, కూర్చోవడానికి ఒక కొయ్యపీట. అంతే ఆమె సామాను.

వెనక బల్బులు అమర్చే పని నాది. మాది సింహాద్రిపురం పక్కన పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. ఊరి బడిలో ఏడు దాకా చదివి, ప్రొద్దుటూరులో మోటార్లకు వైండింగ్ చుట్టడం నేర్చుకుని, తర్వాత ఇండ్లకు వైరింగ్ చేస్తూ బతికాను. మాట తక్కువ. గొంతు కూడా చిన్నది. నలుగురిలో నేను ఏదైనా చెబితే పక్కవాడు దాన్ని మళ్ళీ చెప్పాలి.

మొదటిసారి నన్ను పిలిచింది అంగట్లో ఫ్యాను బాగుచేయడానికి. నేను నిచ్చెన మీద ఉన్నాను. కింద ఎవరో పెద్దమ్మాయికి ఆమె గాజులు తొడుగుతోంది. ఒక గాజు టక్కుమంది.

"అయ్యో, పగిలిపాయనే!" అంది ఆ అమ్మాయి.

"అట్ల అనగూడదమ్మే. పెరిగింది అనాల."

"రెండు ముక్కలైంది కదా అత్తా?"

"మరి, ఒకటి రెండైతే పెరిగినట్టు కాదా?"

అంగట్లో అందరూ నవ్వారు. నేనూ నిచ్చెన మీద నవ్వాను. ఆమె మాట తీరే అంత. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనేది. ఆ మాట చాలా ఇండ్లలో ఉన్నదే. ఆమె మాత్రం ఉప్పుకూ, చింతపండుకూ, బస్సులో సీట్లకూ కూడా అదే అనేది. దీపం ఆరింది అని ఆమె నోట ఎవరూ వినలేదు. కొండెక్కింది అనేది. కరెంటు బల్బుకు కూడా అదే మాట. "అప్పా, వసారాలో లైటు కొండెక్కించి పో" అనేది. భాయ్ ఎగతాళి చేసేవాడు. "అమ్మా, లైట్లన్నీ కొండెక్కితే గండికోటలో వెతుక్కోవాల మనం" అనేవాడు.

వెలుగు గురించి ఆమెకు తెలిసినంత నాకు తెలియదు. తామరకు నేను మొదట బల్బు ముందర పెట్టాను. అందరూ అట్లే పెడతారు కదా అనుకున్నాను. ఆమె చూసి తల అడ్డంగా ఊపింది. "ముందర పెడితే నీ బల్బు కనపడతాది, నా తామర కనపడదు. వెలుగు యాడినుంచి వస్తాందో తెలియకూడదప్పా. గాజే వెలుగుతాంది అనుకోవాల." అప్పటినుంచి బల్బుకు రేకు మరుగు కట్టి, వెనకనే, కిందనుంచి పెట్టడం అలవాటైంది. పెద్ద బల్బు పెడితే వేడికి జిగురు కరిగి ముక్కలు జారేవి. వాన నీళ్ళు నిలవకుండా హోల్డరు మూతి కిందికి ఉండాలి. ఇవన్నీ ఒక్కొక్కటి చెడిపోయాక నేర్చుకున్నాము.

నా గొంతు మీద ఆమెకు కోపం ఉండేది. "గట్టిగా చెప్పప్పా. నీ మాట నీ నోట్లోనే నిండుకుంటాది" అనేది. తోటకు మెయిన్ స్విచ్చు వసారాలో ఉంది. నెమలి దగ్గరికి అది కనపడదు, గన్నేరు చెట్లు అడ్డం. అందుకని నేను నెమలి దగ్గరా, భాయ్ స్విచ్చు దగ్గరా ఉంటే ఆమె మధ్యలో నిలబడేది. నేను చెప్పింది ఆమె గట్టిగా అరిచి భాయ్‌కి అందించేది. ఇన్నేళ్ళూ పని అట్లే జరిగింది. అది తప్పు పద్ధతి అని నాకు తెలుసు. స్విచ్చు దించి ఫ్యూజు పీకి జేబులో వేసుకోనిదే వైరు ముట్టుకోకూడదు. నలభై అడుగులు నడవడానికి బద్ధకించాను.

ఆ సాయంత్రం గురించి రాయాలనే ఇదంతా మొదలుపెట్టాను.

పన్నెండేళ్ళ కింద, దసరా దినాలు. మధ్యాహ్నం వాన పడి తెరిపి ఇచ్చింది. ఇంకాసేపటికి జనం వస్తారు. నెమలికి మెడ వెలగడం లేదు. తల వెలుగుతోంది, పురి వెలుగుతోంది, మధ్యలో మెడ చీకటి. "మెడ తెగినట్టుంది" అని నా నోటి దాకా వచ్చి మింగేశాను. ఆమె ముందర అట్లాంటి మాట అనలేను. ఆమె పట్టుచీర కట్టుకుని, చేతినిండా పచ్చగాజులు వేసుకుని, కొయ్యపీట పట్టుకుని మధ్యలో నిలబడి ఉంది. శెట్టి వసారాలో కుర్చీలో ఉన్నాడు. వీధి చివర పందిట్లో మైకు పాడుతోంది.

నేను వెనక మూత విప్పేలోపల కరెంటు పోయింది. వీధంతా పోయింది. పందిట్లో జనరేటర్ వేశారు, మైకు ఇంకా పెరిగింది. ఇదే సందు అనుకున్నాను. కరెంటు లేనప్పుడే హోల్డరు చూసేయవచ్చు.

"ఆపి పెట్టమనమ్మా" అన్నాను, ఎప్పటిలాగే సన్నగా.

ఆమెకు వినపడింది. కానీ అమ్మవారి దినాలు, దీపాలు పెట్టే వేళ. ఆమె తన మాటలోనే అరిచింది.

"భాయ్, కొండెక్కించు!"

ఆ స్విచ్చు పాత ఇనుప పెట్టె. పిడి పైకి ఎత్తితే కరెంటు వస్తుంది, కిందికి దించితే పోతుంది. కరెంటు పోయిన వెంటనే భాయ్ తన అలవాటు కొద్దీ పిడి దించేశాడు. వెల్డింగ్ పనివాళ్ళు అందరూ అట్లే చేస్తారు. అంటే అంతవరకు నాకు ఏ ముప్పూ లేదు. మైకు మోతలో అతనికి మాట మొదలు పోయింది. చివర ఒక్కటే చెవిన పడింది. ఎక్కించు. అతని అంగట్లో ఎక్కించు అంటే కరెంటు పెంచమని. అతను పిడి పైకి ఎత్తాడు.

నేను కుడిచెయ్యి నెమలి మెడలోకి పెట్టాను. ఎడమచెయ్యి తడిసిన చట్రం మీద ఉంది. హోల్డరు లోపల వైరు ఊడి ఉంది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నాను. కాలి కింద మట్టి మెత్తగా ఉంది. అప్పుడు వీధిలైట్లు వెలిగాయి.

నేను అరవలేదు. అరవాలని లేక కాదు. నోరు కూడా చెయ్యిలాగే బిగుసుకుపోయింది. కళ్ళు మాత్రం చూస్తున్నాయి. నెమలి పురి నా చుట్టూ వెలిగింది. దాని అవతల శెట్టెమ్మ ముఖం. ఆమెకు అర్థమైంది. నోరు తెరిచింది.

"భాయ్, కొండె..." అని ఆగింది.

ఆ ఆగడం ఎంతసేపో చెప్పలేను. రెప్పపాటు ఉంటుందేమో. నాకు అందులో మా పల్లె, గొర్రెలు, కూతురు, అన్నీ వచ్చి పోయాయి. ఆమెకు ఏమేమి వచ్చాయో.

"ఆర్పు!" అని కేక పెట్టింది. "ఆర్పప్పా! ఆర్పు! ఆర్పు!"

కేక పెడుతూనే పరుగెత్తి వచ్చి కొయ్యపీట రెండు చేతులతో ఎత్తి నా మోచేతి మీద కొట్టింది. పీట నెమలి మెడకు తగిలి గాజంతా జలజలా రాలింది. నేను కనకాంబరాలలో పడ్డాను. భాయ్ పిడి దించి పరుగెత్తి వచ్చి, నన్ను చూసి, "యా అల్లా, నా చేత్తోనే" అని తల పట్టుకున్నాడు.

శెట్టి చెంబుతో నీళ్ళు తెచ్చి తాగించాడు. సగం నీళ్ళు నా చొక్కా మీదే ఒలికాయి. అయినా నవ్వాడు. "నలభై ఏండ్లనుంచి ఆ మాట ఈమె నోట వినాలని చూస్తాండా. నాకోసం ఎప్పుడూ అనలేదు. నీకోసం అనె చూడు" అన్నాడు.

"మీరు గమ్మునుండండి" అంది శెట్టెమ్మ. నేల మీద గాజుముక్కలు ఏరుతూ ఏడ్చింది.

నా రెండు వేళ్ళు కాలాయి. అవి ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. మిగతా మనిషి మిగిలాడు.

ఆ తరువాత మాఘమాసంలో శెట్టి పోయాడు. గుండె. వాళ్ళవాళ్ళు ఏమన్నారో టౌనంతా తెలుసు. అమ్మవారి దినాలలో, దీపాల వేళ, పసుపుకుంకుమలతో ఉన్న మనిషి నోట ఆ మాట వచ్చింది, చేత్తో గాజు కూడా పగలగొట్టింది, ఇంకేం జరుగుతుంది అన్నారు. ఆమె ముఖం మీదే అన్నారట. నేను ఆ ఇంటి వైపు పోలేదు. ఏం చెప్పాలి? జమ్మలమడుగులో పని ఉన్నా వేరే దోవలో తిరిగి పోయేవాడిని. భాయ్ కూడా పోలేదు. ఇద్దరం టీ అంగట్లో కలిసినా ఆ సంగతి ఎత్తేవాళ్ళం కాదు. తోటలో దీపాలు లేవని మాత్రం భాయ్ ఒకసారి చెప్పాడు. నెమలి మెడ లేకుండా అట్లే నిలబడి ఉందట. ఆమె పిలుస్తుందని భయం. పిలవదేమోనని ఇంకా పెద్ద భయం.

ఎండలు ముదిరాక పిలిచింది. ఇద్దరినీ రమ్మంది.

పోయి వసారాలో నిలబడ్డాము. ఆమె చేతులు బోసిగా ఉన్నాయి. ఎన్ని వేలమందికో గాజులు తొడిగిన చేతులు. నేను తల ఎత్తలేకపోయాను.

"అమ్మా, నేను గట్టిగా చెప్పింటే..." అన్నాను.

"నేను సరింగా వినింటే..." అన్నాడు భాయ్.

"ఇద్దరూ నిలపండి" అంది. "మీ ఇద్దరికంటే ముందు నేనుండా ఆ వరసలో. నేను అందరి మాదిరి ఆపు అనింటే సరిపోయేది. శెట్టికి గుండె జబ్బు పదేండ్లనుంచి ఉండాది. నా మాటకు పోయేంత మెత్తని మనిసి కాదులే ఆయన." కొంగు భుజం మీదికి లాక్కుంది. "ఒగేళ నా మాటకే పోయినా, అప్పా, మళ్ళా ఆ పొద్దు వస్తే మళ్ళా అదే అరుస్తా. కండ్ల ముందర మనిసి కాలిపోతాంటే మంచి మాట వెతుక్కుంటామా?"

భాయ్ కళ్ళు తుడుచుకున్నాడు.

"వాళ్ళు అనేది అననీ. నువ్వు పోయి ఎవురికీ ఏం చెప్పొద్దు. నువ్వు చెప్పినా వాళ్ళకు వినపడదులే" అంది. అప్పుడు నవ్వింది. నేను కూడా నవ్వాననుకుంటాను.

తరువాత లోపలికి పోయి కాగితం పొట్లం తెచ్చింది. విప్పితే పచ్చగాజు ముక్కలు. శెట్టి పోయిన పదోరోజు ఆమె చేతులకు పగలగొట్టినవి. ఎవరికీ తెలియకుండా ఏరి దాచింది. "మెడకు నీలం సాలదు. నడుమ ఇవి పెడతా. చట్రం సరిచేయండి" అంది. అట్లాంటి గాజులు ఇంట్లో ఉంచుకోరు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఎవరమూ వద్దనలేదు.

ఆ మెడ అతికించడానికి ఆమెకు రెండు నెలలు పట్టింది. నేను తోటంతా పాత వైర్లు పీకి, ముట్టుకున్నా ఏమీ కాని చిన్న కరెంటు పెట్టాను. పన్నెండు వోల్టుల పెట్టె వసారాలో, సన్న దీపాలు తోటలో. పని జరిగినన్ని రోజులూ ఆమె మధ్యలో నిలబడి "ఆపు", "వెయ్యి" అని రెండే మాటలు అరిచింది. దేవుడి గదిలో మాత్రం దీపం ఎప్పటిలాగే కొండెక్కేది.

ఆమె పోయిన పొద్దు నేను ప్రొద్దుటూరు చేరేసరికి ఇంటి ముందర జనం ఉన్నారు. వాకిట్లో ఆమెను పడుకోబెట్టి ఉన్నారు. చూశాను. నీళ్ళు పోశారు, ఎత్తారు, మేము వెంట పోయి వచ్చాము. పొద్దు వాలింది. వసారాలో దీపం పెట్టి ఉంది. చుట్టాలందరూ వాకిట్లో కుర్చీలలో కూర్చున్నారు.

ఆమె కూతురు జమ్మలమడుగులో ఉంటుంది. నా దగ్గరికి వచ్చి, "మామా, ఈ పొద్దు తోటలో లైట్లు ఏం చేద్దాం? అమ్మ రోజూ వేసేది" అంది.

శెట్టి తమ్ముడికి అది వినపడింది. "సావింట్లో సింగారం లైట్లేందమ్మా?" అన్నాడు. "ముందు ఆ నెమలిని పీకి పారేయండి. దాంతోనే మా అన్న పోయింది. ఈమె ఆ పొద్దు నోరు జారకుండా ఉంటే..."

కూతురు తల దించుకుంది. పదిమంది ఆయన మాటకు తల ఊపారు. ఆమె కాలిన బూడిద ఇంకా చల్లారలేదు. ఇక ఆ ఇంట్లో ఆమె గురించి ఎప్పటికీ మిగిలేది ఆ మాటే అనిపించింది. ఆమె నన్ను చెప్పొద్దంది. పన్నెండేళ్ళు చెప్పలేదు. ఇప్పుడు వద్దనడానికి ఆమె లేదు.

"తప్పు నాది" అన్నాను.

ఎవరూ నా వైపు చూడలేదు. వినపడలేదు. భాయ్ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"తప్పు నాది!" అన్నాను. ఆ గొంతు నాకే కొత్తగా ఉంది. "నేను ఫ్యూజు పీకకుండా వైరు ముట్టుకున్నా. సచ్చిపోతాంటి. ఆయమ్మ నోరు జారలేదు. తెలిసే అనింది. ఏమనుకుంటారో తెలిసి అనింది. అనబట్టి నేనీడ నిలబడుకోనుండా."

ముడుచుకోని వేళ్ళు అందరికీ చూపించాను. శెట్టి తమ్ముడు పైపంచెతో ముఖం తుడుచుకుని, "మాకు ఎవురూ ఇట్ల చెప్పలేదే" అన్నాడు.

"ఎయ్యి భాయ్" అంది కూతురు.

భాయ్ వసారాలోకి పోయి స్విచ్చు వేశాడు. నెమలి వెలిగింది. వాకిట్లో ఆమెకు పోసిన నీళ్ళు ఇంకా పూర్తిగా ఇంకలేదు. పురిలోని రంగులన్నీ వచ్చి ఆ తడి మీద పడ్డాయి. కూర్చున్నవాళ్ళు ఆ రంగుల మీద కాళ్ళు పడకుండా ఒక్కొక్కరే కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. శెట్టి తమ్ముడు కూడా తన చెప్పులు తీసి పక్కన పెట్టుకున్నాడు. నేల ఆరేదాకా అందరం అటే చూస్తూ కూర్చున్నాము.